తాడా? పామా? – జీర్ణకోశంలో గడ్డలు, పరాన్నజీవులు

మసక చీకటిలో దారికి అడ్డంగా పడివున్న తాడును చూసి పామని భ్రమపడి కేకవేయడం మన పెద్దలు తరతరాలుగా చెబుతూ వచ్చిన దృష్టాంతం. దీనికి రజ్జుసర్పభ్రాంతి అని పేరు. వేదాంతులు దీనిని జగత్తుకు అన్వయించారు. మేము ఈ వ్యాసంలో మనిషి కడుపుకు అన్వయించదలచాము. జీర్ణకోశంలో ఒక గడ్డ కనబడినపుడు అది కాన్సరా, లేక కంటికి కనబడని ఒక పరాన్నజీవి వలన కలిగిన వాపా అనే ప్రశ్న మా జీవితంలో రెండుమార్లు ఎదురైంది. మొదటిసారి తాడును చూసి పామనుకున్నాము. రెండవసారి పామును చూసి తాడనుకున్నాము. ఈ రెండు పొరపాట్లలో ఏది ఎక్కువ ప్రమాదకరమో వేరుగా చెప్పనక్కరలేదు.

ముందుగా ఒక మనవి. మేము వైద్యులము కాము. సుమారు ముప్ఫై ఏళ్ళుగా గొట్టాలు, పంపులు, వాల్వులతో కాలం గడుపుతున్న ఇంజనీరింగు వృత్తిలోని వారము. ఇందులోని వైద్య విషయాలు వైద్యమిత్రులను అడిగి, గ్రంథాలు చదివి తెలుసుకున్నవి. గొట్టాల విషయం మాత్రం మా సొంత వృత్తికి సంబంధించినది. చివరకు ఈ రెండు విషయాలూ ఒకేచోట కలుస్తాయని పాఠకులు గ్రహించగలరు.

1998 నాటి సంఘటన

అప్పట్లో మేము ఢిల్లీలోని ఆర్.కె. పురంలో కాపురముండేవారము. మా విభాగంలోనే సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేస్తున్న ఒక పెద్దమనిషి మా పక్క వరుసలోనే నివసించేవారు. స్వస్థలం పశ్చిమ గోదావరి జిల్లా. వయస్సు 46 సంవత్సరాలు. ఇద్దరు కుమార్తెలు. ఆయనకు ఆకలి మందగించి, రెండు నెలల్లో ఆరు కిలోల బరువు తగ్గింది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. పొట్ట కుడివైపు కింది భాగంలో చేతికి గట్టిగా ఒక గడ్డ తగులుతుండేది.

ఒక పెద్ద ఆసుపత్రిలో బేరియం ఎక్స్‌రే తీశారు. పెద్దప్రేగు మొదలయ్యే చోట దారి ఇరుకై, అంచులు చుట్టూ కొరికివేసిన పండులా కనబడింది. అది కాన్సరు లక్షణమని, ప్రేగులో ఆ భాగాన్ని కోసి తీసివేయాలని శస్త్రవైద్యులు చెప్పి తేదీ కూడా నిర్ణయించారు. ఆ రాత్రి ఆయన మమ్ములను పిలిచి, తన ప్రావిడెంటు ఫండు నామినేషన్ ఫారం చేతిలో పెట్టి, "తప్పులేమైనా ఉంటే సరిచూడండి. మా ఆవిడకు ఈ కాగితాల సంగతులు తెలియవు" అన్నారు. వంటగదిలో ఆమె గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

మరునాడు అదే ఆసుపత్రిలోని మరొక వైద్యుడు వచ్చి ఒక ప్రశ్న వేశారు. "ఈ మధ్యకాలంలో జిగట విరేచనాలు ఏమైనా అయ్యాయా?" నాలుగు నెలల క్రితం ఊళ్ళో పెళ్ళికి వెళ్ళివచ్చిన తరువాత అయ్యాయని, మందుల దుకాణంలో మాత్రలు కొని రెండు రోజులు వేసుకోగానే తగ్గడంతో మానివేశానని ఆయన చెప్పారు. ఆపరేషనుకు ముందు కోలనోస్కోపీ చేసి గడ్డ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించాలని ఆ వైద్యుడు పట్టుబట్టారు. ఫలితం వచ్చింది. ఆ ముక్కలో కాన్సరు కణాలు లేవు. ఎర్రరక్తకణాలను మింగిన అమీబాలు ఉన్నాయి.

ఆపరేషను ఆగిపోయింది. పది రోజుల మెట్రోనిడజోల్ చికిత్స, ఆపైన ప్రేగులో మిగిలిన అమీబాలను నిర్మూలించే మరొక మందు. రెండు నెలల తరువాత తిరిగి కోలనోస్కోపీ చేస్తే గడ్డ ఉన్నచోట చిన్న మచ్చ మాత్రమే మిగిలింది. కొన్నేళ్ళ తరువాత ఆయన పెద్దకుమార్తె పెళ్ళిపత్రిక ఇవ్వడానికి వచ్చినపుడు, "ఆ ఫారం ఇంకా మీ దగ్గరే ఉన్నదా?" అని నవ్వుతూ అడిగారు.

అమీబోమా అనగా నేమి?

ఈ గడ్డకు వైద్యశాస్త్రంలో అమీబోమా అని పేరు. దీనికి కారణం ఎంటమీబా హిస్టోలిటికా అనే ఏకకణజీవి. 1875లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గులో ఫ్యోదర్ లోష్ అనే వైద్యుడు విరేచనాలతో బాధపడుతున్న ఒక రోగి మలంలో ఈ అమీబాలను గుర్తించి వర్ణించారు. 1903లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫ్రిట్జ్ షౌడిన్ దీనికి నేటి పేరు పెట్టారు. హిస్టోలిటికా అనే మాటకు కణజాలాన్ని కరిగించునది అని అర్థం.

ఈ జీవికి రెండు రూపాలు. మొదటిది కోశరూపం. గట్టి గోడ గల ఈ కోశం వ్యాసం 10 నుంచి 20 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో నూరవ వంతు మొదలు యాభయ్యవ వంతు వరకు. తేమగల చోట ఇది రోజుల తరబడి, ఒక్కొక్కప్పుడు వారాల తరబడి బ్రతుకుతుంది. కలుషితమైన నీటితోనో ఆహారంతోనో మన కడుపులోకి చేరేది ఈ రూపమే. లోపలికి వెళ్ళిన తరువాత కోశం పగిలి రెండవదైన చలనరూపం వెలువడుతుంది. అది పెద్దప్రేగు గోడను తొలిచి పుండ్లు చేస్తుంది. జిగట విరేచనాలకు మూలం ఇదే. రక్తం ద్వారా కాలేయానికి చేరితే అక్కడ చీముగడ్డ ఏర్పడుతుంది.

చికిత్స పూర్తిగా జరగని కొందరిలో పుండు మానే ప్రయత్నం, పుండు పెరిగే ప్రయత్నం రెండూ ఒకేచోట నెలల తరబడి సాగుతాయి. శరీరం ఆ చోట కణజాలాన్ని పొరలు పొరలుగా పేరుస్తుంది. చివరకు ప్రేగు గోడ మందమై గడ్డకడుతుంది. అమీబా ప్రేగుగోడను తొలిచిన రోగులలో ఈ గడ్డ ఏర్పడేది నూటికి ఒకరిద్దరిలో మాత్రమే. అయితే అది తరచుగా వచ్చేది అంధనాళంలో, అనగా చిన్నప్రేగు వచ్చి పెద్దప్రేగుతో కలిసేచోట. పెద్దప్రేగు కాన్సరు వచ్చే స్థానాలలో అదీ ఒకటి. మన దేశంలో ప్రేగులకు సోకే క్షయ ఎక్కువగా కనబడేదీ అక్కడే. మూడు వేర్వేరు వ్యాధులు ఒకే చోట ఒకే వేషంతో కనబడితే వైద్యులు సైతం తికమకపడటంలో ఆశ్చర్యం లేదు.

నీడను చూసి నిర్ణయించరాదు

మన కర్మాగారాలలో వెల్డింగు జాయింటును రేడియోగ్రఫీ చేసినపుడు ఫిల్ముపై ఒక నల్లని మచ్చ కనబడుతుంది. అక్కడ ఏదో దోషం ఉన్నదని ఆ మచ్చ చెబుతుంది. ఆ దోషం ఎలా పుట్టిందో, లోహం స్వభావం ఏమిటో తేల్చాలంటే నమూనా తీసి సూక్ష్మదర్శిని కింద చూడవలసిందే. ఎక్స్‌రే గాని, స్కానింగు గాని చూపేది నీడను మాత్రమే. అందుకే గడ్డ నుంచి ముక్క తీసి చేసే బయాప్సీ పరీక్షకు అంత ప్రాధాన్యం. తాడో పామో తేలాలంటే దీపం తేవాలి. ఇక్కడ ఆ దీపం బయాప్సీ.

మారువేషం వేసేది అమీబా ఒక్కటే కాదు. పిల్లల కడుపులో ఏలికపాములు పదుల సంఖ్యలో ఉండచుట్టుకొని ప్రేగును మూసివేస్తే పైకి గడ్డలా తగులుతాయి. 2015 నుంచి మన దేశంలో ఏటా జాతీయ నులిపురుగుల నిర్మూలన దినోత్సవం పాటించి, 1 నుంచి 19 సంవత్సరాల వయస్సు వారికి ఆల్బెండజోల్ మాత్రలు ఇవ్వడానికి గల కారణాలలో ఇది కూడా ఒకటి.

మరొకటి హైడాటిడ్ తిత్తి. కుక్కల ప్రేగులలో నివసించే ఒక చిన్న బద్దెపురుగు గుడ్లు మట్టితోనో, కడగని కూరగాయలతోనో మన కడుపులో ప్రవేశించి, ఎక్కువగా కాలేయంలో నీటితిత్తిగా సంవత్సరాల తరబడి పెరుగుతాయి. గొర్రెల పెంపకం, వీధికుక్కల సంచారం రెండూ గల ప్రాంతాలలో ఈ వ్యాధి అధికం. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. తిత్తి ఏమిటో తెలియకుండా తొందరపడి సూది గుచ్చితే లోపలి ద్రవం బయటికి చిమ్మి ప్రాణాపాయం కలిగించవచ్చు. కనుక నమూనా ఎప్పుడు, ఎలా తీయాలో కూడా నిపుణులే నిర్ణయించాలి. దీపం పట్టుకోవడానికీ తెలిసిన చేయి కావాలి.

మందుల విషయంలోనూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. అమీబా వలన కలిగిన పుండును వేరొక రకం ప్రేగువాపుగా పొరబడి స్టిరాయిడ్లు ఇస్తే శరీరపు రక్షణశక్తి తగ్గి, అమీబా విజృంభించి ప్రేగుకు రంధ్రం పడే ప్రమాదం ఉన్నది.

పామును తాడనుకున్న వేళ

1998 నాటి సంఘటన తరువాత మేము కాలనీలో ఈ విషయంపై కొంత పాండిత్యం గలవారమని పేరుపడ్డాము. ఎవరికి కడుపులో నొప్పి వచ్చినా మా సలహా అడిగేవారు. నిజం చెప్పాలంటే అది మాకు కొంత గర్వకారణంగా కూడా ఉండేది.

2007 వేసవి సెలవులలో మా అక్క, బావగారు మా ఇంటికి వచ్చారు. బావగారు పాఠశాల ఉపాధ్యాయులు. వయస్సు 52. విరేచనంలో అప్పుడప్పుడు రక్తం పడుతున్నదని, కొద్దిపాటి నీరసంగా ఉన్నదని చెప్పారు. దగ్గరలోని లాబొరేటరీలో మలపరీక్ష చేయించాము. అమీబా కోశాలు ఉన్నాయని నివేదిక వచ్చింది. మాకు అంతకు మించిన రుజువు అక్కరలేకపోయింది. డ్రాఫ్ట్స్‌మన్‌గారి కథంతా బావగారికి వివరించాము. ఆయన నవ్వి, "నీకు తెలిసిన రోగమే కదోయ్, ఇంక భయమెందుకు?" అన్నారు. మందుల దుకాణానికి వెళ్ళి మాత్రలు కొని తెచ్చినది మేమే.

రక్తం కొన్నాళ్ళు కనబడలేదు. ఊరికి వెళ్ళిన తరువాత మళ్ళీ కనబడింది. ఆయన మళ్ళీ అవే మాత్రలు వేసుకున్నారు. ఫోనులో అడిగితే మేమూ సరేనన్నాము. ఇలా ఎనిమిది నెలలు గడిచాయి. చివరకు రక్తహీనతతో మెట్లెక్కలేని స్థితి వచ్చినపుడు కోలనోస్కోపీ జరిగింది. అది పెద్దప్రేగు కాన్సరు. అప్పటికే కాలేయానికి పాకింది. ఆపరేషను, కీమోథెరపీ జరిగాయి. 2010లో ఆయన కన్నుమూశారు.

మా పొరపాటు ఎక్కడ జరిగిందో తరువాత చదివి తెలుసుకున్నాము. చూడటానికి అచ్చం ఈ అమీబా వలెనే ఉండి, ఏ హానీ చేయని మరొక జాతి ఉన్నది. దాని పేరు ఎంటమీబా డిస్పార్. ఈ రెండూ వేర్వేరు జాతులని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎమీల్ బ్రంప్ట్ 1925లోనే చెప్పినా చాలాకాలం ఎవరూ అంగీకరించలేదు. 1993లో అది శాస్త్రీయంగా స్థిరపడింది. సాధారణ సూక్ష్మదర్శినిలో ఈ రెండింటి కోశాలను వేరుచేసి చెప్పడం సాధ్యం కాదు. అనగా మలపరీక్షలో అమీబా కోశాలు కనబడినంత మాత్రాన రక్తస్రావానికి కారణం అవేనని అర్థం కాదు. ఒకవేళ నిజంగా వ్యాధికారక అమీబాయే ఉన్నప్పటికీ, దానితోపాటు కాన్సరు ఉండకూడదనే నియమమేదీ లేదు. తాడు కనబడినంత మాత్రాన దాని కింద పాము లేదని అనుకోరాదు.

ఎనిమిది నెలల ముందే తెలిసివుంటే బావగారు బ్రతికేవారా అని మా అక్క మమ్ములను ఎన్నడూ అడగలేదు. ఆ ప్రశ్న మేమే వేసుకుంటూ ఉంటాము.

గొట్టాలు నేర్పిన పాఠం

ఇక మా వృత్తి విషయానికి వస్తాము. అమీబా మన కడుపులోకి వచ్చే మార్గాలలో ముఖ్యమైనది నీరు. ఆ నీరు కలుషితం కావడానికి తరచుగా కారణం గొట్టాలు.

1933లో అమెరికాలోని చికాగో నగరంలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. దానిని చూడటానికి లక్షల మంది వచ్చారు. అక్కడి రెండు పెద్ద హోటళ్ళలో బసచేసిన వారు ఇళ్ళకు తిరిగి వెళ్ళిన తరువాత ఒక్కొక్కరే జబ్బుపడసాగారు. దాదాపు 1,400 మందికి అమీబా వ్యాధి సోకింది. నూరుమందికి దగ్గరగా మరణించారు. అమీబా ఉష్ణదేశాల వ్యాధి అనే నమ్మకంతో ఉన్న స్థానిక వైద్యులు కొందరికి అపెండిసైటిస్ అని భావించి ఆపరేషన్లు కూడా చేశారు. విచారణ జరిపితే కారణం బయటపడింది. ఆ హోటళ్ళలోని పాత ప్లంబింగులో మంచినీటి గొట్టాలు, మురుగునీటి గొట్టాలు కొన్నిచోట్ల ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. రోగం ఊరంతటికీ, దేశమంతటికీ పాకింది గాని, దోషం మాత్రం కొద్ది అడుగుల గొట్టంలో ఉన్నది.

మన ఢిల్లీకి కూడా ఇటువంటి చరిత్ర ఉన్నది. 1955లో వరదల తరువాత యమున తన పాయ మార్చుకోవడంతో నజఫ్‌గఢ్ కాలువ మురుగు వెనక్కి మళ్ళి, వజీరాబాదులో నగరానికి నీరు తోడే చోటికి చేరింది. ఆ సంవత్సరాంతం నుంచి 1956 ఆరంభం వరకు నగరంలో సుమారు 29,300 మంది కామెర్ల పాలయ్యారు. నీటి శుద్ధి కేంద్రం ఇంజనీర్లు మురుగును గమనించి క్లోరిను పెంచడం వలన టైఫాయిడు, విరేచనాలు ప్రబలలేదు. కాని వైరసు మాత్రం తప్పించుకున్నది. అది హెపటైటిస్-ఇ అని దశాబ్దాల తరువాత తేలింది. క్లోరిను ఒక్కదానినే నమ్ముకుంటే చాలదని ఆ సంఘటన నేర్పింది. అమీబా కోశం విషయంలోనూ అంతే. మామూలు మోతాదు క్లోరినును అది తట్టుకోగలదు. దానిని ఆపేది సరైన వడపోత, చంపేది మరిగించడం.

ఇప్పుడు మన కాలనీల సంగతి చూద్దాము. కుళాయినీరు రోజంతా రాదు. నీరు రాని సమయంలో గొట్టం ఖాళీగా ఉంటుంది. పక్కనే పోయే మురుగుగొట్టం కారుతూ ఉంటే ఆ తడి మంచినీటి గొట్టపు వదులు జాయింట్ల గుండా లోపలికి చేరుతుంది. దీనికి తోడు నీరు వచ్చే సమయంలో ఢిల్లీ వాసులు టుల్లూ పంపు అని పిలుచుకునే చిన్న మోటారును నేరుగా కుళాయి లైనుకే బిగిస్తారు. ఆ పంపు నీటినే కాదు, దేనినైనా లాగుతుంది. లైనులో ఒత్తిడి వాతావరణపు ఒత్తిడి కంటె తగ్గిపోయి, బయటి మురుగు లోపలికి పీల్చబడుతుంది. చికాగో హోటలులో జరిగినదే మన వీధిలో చిన్న ఎత్తున ప్రతి ఉదయం జరుగుతుంది. పంపు పెట్టుకున్నవారి ఇంటికి రెండు బక్కెట్లు ఎక్కువ వస్తాయి. వరుసలో అందరి ఇళ్ళకూ రోగం పంచబడుతుంది.

మనము పాటించవలసినవి

నీరు సళ్ళసళ్ళ మరిగే వరకు కాచి చల్లార్చి త్రాగడం నేటికీ అత్యుత్తమ పద్ధతి. ఆర్.ఓ. యంత్రం ఉంటే దాని ఫిల్టర్లను గడువు ప్రకారం మార్చాలి. లైనుకు నేరుగా మోటారు బిగించడం నిబంధనలకు విరుద్ధం కూడా. నేలమట్టంలో ఒక తొట్టి కట్టుకొని, నీరు దానంతటది అందులోకి చేరిన తరువాత తొట్టినుంచి పైకి తోడుకోవాలి. మిద్దెమీది ట్యాంకును ఆరునెలలకు ఒకసారైనా కడిగి మూతపెట్టాలి. ఆఫీసుల వెలుపల మధ్యాహ్నం వేళ కోసి పరిచిన ముల్లంగి, దోసకాయ ముక్కలు, గోల్‌గప్పా నీళ్ళు ఎంత నోరూరించినా వాటిలోని నీరు ఎక్కడిదో ఒకసారి ఆలోచించాలి.

జిగట విరేచనాలకు వైద్యులు మందు వ్రాసినపుడు, తగ్గినా సరే, చెప్పినన్ని రోజులు పూర్తిగా వాడాలి. ప్రేగులో మిగిలిన కోశాల కోసం రెండవ మందు వ్రాస్తే దానిని వదలరాదు. మలంలో రక్తం, రెండు మూడు వారాలకు మించిన విరేచనాలు లేదా మలబద్ధకం, కారణం లేకుండా బరువు తగ్గడం, పురుషులలో రక్తహీనత – వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మందుల దుకాణానికి కాక వైద్యుని వద్దకు వెళ్ళాలి. నలభై అయిదు దాటిన వారు, కుటుంబంలో ప్రేగుకాన్సరు ఉన్నవారు మరింత జాగరూకులై ఉండాలి. గడ్డ ఉన్నదని చెబితే భయపడి కుంగిపోనక్కరలేదు. "అమీబాయేలే" అని ఎవరైనా చెబితే సంతోషించి ఊరకుండనూ రాదు. బయాప్సీ చేశారా, చికిత్స తరువాత గడ్డ పూర్తిగా కరిగిందో లేదో మళ్ళీ చూశారా అని అడగడం రోగి హక్కు, కుటుంబసభ్యుల బాధ్యత.

ఆర్.కె. పురంలోని మా క్వార్టరులో వంటగది అలమరలో ఒకప్పుడు మెట్రోనిడజోల్ పట్టీ ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఇరుగుపొరుగు అడిగితే రెండు మాత్రలు త్రుంచి ఇచ్చేవారము. 2008 తరువాత దానిని తీసివేశాము. ఇప్పుడు ఎవరైనా కడుపు బాధ చెప్పి సలహా అడిగితే మా వద్ద ఒకే సమాధానం ఉన్నది: "పదండి, డాక్టరుగారి దగ్గరికి మేమూ తోడు వస్తాము."